పెట్రోల్ చూస్తం, ఆయిల్ చూడం

పంజాగుట్ట చౌరస్తా దాటి నిమ్స్ దవాఖాన దిక్కు పోతున్న. రాత్రి తొమ్మిదిన్నర అయితున్నది. వెనుక సంచిల ఎవరిదో బిర్యానీ, ముందట ఫోన్ల ఉరుకుతున్న టైమ్. ఒక్కసారి ఇంజిన్ సప్పుడు మారింది. రేకు మీద మొల పెట్టి గీకినట్టు గరగర. యాక్సిలరేటర్ తిప్పుతున్నగాని బండి గుంజుతలేదు. ఏమైందో సమజయ్యే లోపలనే వెనుక చక్రం పట్టేసింది. ఎట్లనో క్లచ్ పట్టుకున్న కాబట్టి కింద పడలేదు. వెనుక బస్సు హారన్ కొట్టుకుంట పక్క నుంచి పోయింది. అది అటే వచ్చి ఉంటే ఇయ్యాల ఇది రాసెటోన్ని కాదు.

కిక్ కొడితే కిందికి దిగుతలేదు. పెట్రోల్ సగం ట్యాంకు ఉన్నది. మెట్రో పిల్లర్ల పక్క పొంటి బండిని నూక్కుంట, గల్లీల ఇంకా షట్టర్ వెయ్యని ఒక మెకానిక్ షెడ్డు కాడికి తీస్కపోయిన. ఆ ఉస్తాద్ బండిని ముట్టకముందే ఒక్కటే మాట అడిగిండు.

"ఆయిల్ ఎన్నడు చూసినవ్ బేటా?"

"మొన్ననే చూసిన ఉస్తాద్. ఉండె."

ఆయన ఆయిల్ గేజ్ మూత తిప్పి బయటికి గుంజిండు. పుల్ల కొసకు సుత ఆయిల్ అంటలేదు. నా మొఖం చూసి నవ్వలేదు, తిట్టలేదు. "చూసినవ్ గాని, ఎట్ల చూడాలెనో తెల్వక చూసినవ్" అన్నడు.

ఆ మాట నన్ను చానా రోజులు ఇడిసిపెట్టలేదు. అది మా నాయిన పత్తి అమ్మిన పైసలతోని కొన్న స్ప్లెండర్. మాది జనగామ దిక్కు పల్లె. కోచింగ్ కోసం అమీర్‌పేటకు వస్తుంటే "బస్సు పాస్ ఖర్చు తప్పుతది, పట్టుకపో" అని తాళం చేతుల పెట్టిండు. పొద్దుగాల మైత్రీవనం కాడ క్లాసు, సాయంత్రం నుంచి డెలివరీ. బోర్ కొట్టించి, కొత్త పిస్టన్ ఏపిచ్చే సరికి నెల కమాయి సగం పోయింది. హాస్టల్ కిరాయి ఆ నెల బాకీ పడ్డ. నాయినకు ఫోన్ల చెప్పనీకి నాలుగు రోజులు పట్టింది.

ఐదు నిమిషాల పని తెల్వక ఇంత కథ అయింది. ఊర్లె నుంచి బండి మీద పట్నం వచ్చిన నా లెక్కటి తమ్ముళ్లు వేలమంది ఉన్నరు. అందుకే ఆ ఐదు నిమిషాల పని మీకు పూర్తిగ చెప్తున్న.

తాత బండికి కందెన, మన బండికి ఆయిల్

మా తాతకు ఎడ్లబండి ఉండె. దూరం పోయే ముందు ఇరుసుకు కందెన పెట్టకుండ ఎడ్లను కట్టెటోడు కాదు. గడ్డి కాల్చిన మసి, ఆముదం కలిపి చేసిన కందెన. అది లేకపోతే చక్రం కిర్రుమంటది, ఇరుసు అరుగుతది, ఎడ్ల మెడలు గుంజుకపోతయి. చదువు రాని తాతకు తెలిసిన ముచ్చట, ఇంజినీరింగ్ చదివిన మనుమడు మర్చిపోయిండు.

మోటర్ సైకిల్ ఇంజిన్ల కూడా సంగతి గంతే. పిస్టన్ నిమిషానికి వేల సార్లు పైకి కిందికి ఉరుకుతది. పిస్టన్‌కు, సిలిండర్ గోడకు నడుమ ఉండేది సన్నటి ఆయిల్ పొర. ఆ పొర ఉన్నన్ని రోజులు ఇనుముకు ఇనుము తాకది. పొర తెగిన రోజు రెండూ రాసుకొని ఏడెక్కి, ఉబ్బి, ఒకదాన్నొకటి పట్టుకుంటయి. పంజాగుట్టల నా బండి పట్టేసింది అట్లనే.

ఆయిల్‌కు ఇంకా మూడు పనులున్నయి. మన చిన్న బండ్లల్ల శానా వరకు గాలితోనే చల్లవడే ఇంజిన్లు. రేడియేటర్ ఉండదు, నీళ్లు ఉండయి. లోపటి ఏడిని గుంజుకొని బయటి గోడలకు తెచ్చేది ఆయిలే. మసిని, అరిగిన పొడిని తనల పట్టి ఉంచుకునేది అదే. ఇగ మోటర్ సైకిల్ల ఇంకో ప్రత్యేకత ఉన్నది. కారుకు ఇంజిన్ ఆయిల్ వేరు, గేర్ ఆయిల్ వేరు. మన గేర్ల బండికి ఇంజిను, గేరు పండ్లు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఒక్క ఆయిల్లనే మునిగి ఉంటయి. ఆ ఒక్కటి తక్కువైతే మూడింటికీ దెబ్బ.

మరి మనకెందుకు పట్టి లేదు? దీనికో చరిత్ర ఉన్నది. టూ స్ట్రోక్ బండ్ల జమానల మా పెదనాయినకు చేతక్ స్కూటర్ ఉండె. బంకుల పెట్రోల్ పోపిచ్చినప్పుడల్ల దాంట్ల ఆయిల్ కొలిచి కలపాలె. అంటే ప్రతిసారి ఆయిల్ కండ్ల ముందర ఉండెటిది. 1985ల హీరో హోండా సీడీ 100 వచ్చింది. ఫోర్ స్ట్రోక్ బండి. పెట్రోల్ నింపు, మూత పెట్టు, ఇగ మర్చిపో అన్నట్టు దాని ప్రకటన దేశమంత పాకింది. పెట్రోల్ సంగతిల అది నిజమే. గాని మనం పెట్రోల్‌తో పాటు ఆయిల్‌ను సుత మర్చిపోయినం. పెట్రోల్‌కు మీటర్ల ముల్లు ఉన్నది, అయిపోతే బండి ఆగి చెప్తది. ఆయిల్‌కు చానా చిన్న బండ్లల్ల ముల్లు లేదు, బుగ్గ లేదు. అది అయిపోయిందని ఇంజిన్ పోయినంకనే తెలుస్తది.

ఇక్కడి కిలోమీటర్ వేరు

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మెట్రోల ఒక్క స్టేషన్. రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి పోయి చూడుండ్రి. మొదటి గేరు, రెండో గేరు, బ్రేకు, మళ్ల మొదటి గేరు. ఇంజిన్ తిరుగుతనే ఉంటది, మీటర్ మాత్రం కదలదు. ఊర్లె జనగామ రోడ్డు మీద పది కిలోమీటర్లు పోతే ఇంజిన్‌కు ఎదురుగాలి తాకుతది, చల్లగైతది. ఇక్కడ సిగ్నల్ కాడ గాలి లేదు, ముందటి బస్సు పొగ ఏడి తప్ప.

కాబట్టి "ఆయిల్ మార్చి ఇంకా ఇన్ని కిలోమీటర్లే అయింది" అన్న లెక్క పట్నంల పూర్తిగ పనిచెయ్యది. కిలోమీటర్లు తక్కువున్నా ఇంజిన్ తిరిగిన గంటలు ఎక్కువ. డెలివరీ తమ్ముళ్లకు, బైక్ టాక్సీ తమ్ముళ్లకు మరీ ఎక్కువ. ఆయిల్ ఎన్నటికి మార్చాలెనో బండితోని ఇచ్చిన పుస్తకంల ఉంటది. ట్రాఫిక్‌ల పొద్దుమూకి తిరిగెటోళ్లు ఆ గడువు కంటే జర ముందుగాలనే మార్చుకోవాలె. మార్చే నడుమల వారానికి ఒకసారి ఎంతున్నదో చూసుకోవాలె.

సరిగ్గ చూసుడంటే ఇట్ల

ఒకటి. చదునైన జాగ చూసుకోండ్రి. ఎస్సార్ నగర్ గల్లీలల్ల శానా జాగల ఏటవాలు ఉంటది. అపార్ట్‌మెంట్ సెల్లారో, పెట్రోల్ బంకుల గాలి కొట్టే జాగనో మంచిది.

రెండు. బండిని నడిమి స్టాండ్ ఎయ్యాలె. పక్క స్టాండ్ మీద ఎన్నడు చూడొద్దు. నడిమి స్టాండ్ లేని బండైతే ఒక దోస్తును నిటారుగ పట్టుకొమ్మనుండ్రి.

మూడు. స్టార్ట్ చేసి మూడు నుంచి ఐదు నిమిషాలు ఊకె తిరగనియ్యుండ్రి. బంద్ చేసి రెండు మూడు నిమిషాలు ఆగుండ్రి. బంద్ చెయ్యంగనే చూస్తే పైన హెడ్డుల, క్లచ్ కాడ ఉన్న ఆయిల్ ఇంకా కిందికి దిగి ఉండదు. తక్కువున్నట్టు అబద్ధం చెప్తది.

నాలుగు. గేజ్ మూత చుట్టూ ఉన్న మట్టి తుడువుండ్రి, లేకపోతే ఇప్పంగనే దుబ్బ లోపల పడ్తది. మూత తిప్పి పుల్ల బయటికి తీసి, శుభ్రమైన గుడ్డతోని తుడువుండ్రి. పాత బనీన్ గుడ్డ మంచిది. పోగులు ఊడే గుడ్డ వద్దు.

ఐదు. ఇక్కడనే నేను దెబ్బతిన్న. తుడిచిన పుల్లను మళ్ల లోపల పెట్టాలె, గాని మూతను తిప్పి బిగించొద్దు. మర మీద ఊకె ఆనిచ్చి, బయటికి తియ్యాలె. స్ప్లెండర్ లాంటి బండ్లకు గీతలు ఆ లెక్కన పెట్టినయి. నేనేమో ప్రతిసారి మూత పూర్తిగ బిగించి, మళ్ల ఇప్పి చూసేటోన్ని. బిగిస్తే పుల్ల ఇంకింత లోతుకు దిగుతది. ఆయిల్ కింది గీత కంటే తక్కువున్నా, గీత మీద ఉన్నట్టే కనవడ్తది. నేను నెలల పొద్దు "ఉన్నది, ఉన్నది" అనుకున్నది ఆ అబద్ధాన్నే. కొన్ని కంపెనీల బండ్లకు బిగించే చూడాలె. మీ బండికి ఏదో పుస్తకంల ఒక్కసారి చూసుకోండ్రి.

ఆరు. పుల్ల మీద రెండు గీతలుంటయి. ఆయిల్ తడి ఆ రెండింటి నడుమ ఉండాలె. పై గీతకు దగ్గరగ ఉంటే బెస్టు. పై గీత దాటొద్దు, కింది గీత కంటే దిగొద్దు.

చాలా పల్సర్లకు, బుల్లెట్లకు పుల్ల బదులు ఇంజిన్ పక్కకు చిన్న అద్దం ఉంటది. వాటికి కూడా పద్ధతి ఇదే. బండి నిటారుగ ఉండాలె, ఇంజిన్ తిప్పి ఆపి ఆగాలె, అద్దంల ఆయిల్ రెండు గుర్తుల నడుమ కనవడాలె.

తక్కువుంటే

డబ్బా మొత్తం గుమ్మరించొద్దు. 50 మిల్లీలీటర్లు, మహా అయితే 100 పొయ్యుండ్రి. రెండు నిమిషాలు ఇంజిన్ తిప్పి, ఆపి, ఆగి, మళ్ల చూడుండ్రి. సరిపోలేదంటే ఇంకో 50. మొత్తం పది నిమిషాల పని. లోపల ఏ గ్రేడ్ ఉన్నదో అదే పొయ్యాలె.

ఊరికి పోయే రోడ్డు మీద తక్కువైందని తెలిసి, చేతుల అదే ఆయిల్ లేకపోతే ఎట్ల? బైక్‌లకు చేసిన వేరే కంపెనీ ఆయిలైనా సరే పోసుకొని పోవుడు మంచిది. ఆయిల్ లేకుండ నడుపుడంత పాపం ఇంకోటి లేదు. తర్వాత వీలు చూసుకొని మొత్తం మార్చుకోవచ్చు.

ఎక్కువైనా గండమే

ఇగ నా రెండో తెలివి తక్కువ పని చెప్త. ఇంజిన్ బాగైనంక భయం పట్టుకున్నది. ప్రతి పొద్దుగాల హాస్టల్ ముందట గేజ్ చూసుడు మొదలువెట్టిన, అదీ పక్క స్టాండ్ మీద. పక్క స్టాండ్ మీద బండి ఎడమకు ఒరుగుతది. నా బండికి గేజ్ కుడి దిక్కున్నది. ఆయిలంత ఎడమకు జారిపోతది, పుల్లకు అందదు. "అయ్యో, తక్కువైంది" అని రోజుకింత పోసుకుంట పోయిన. పది రోజులకు బండి బరువెక్కినట్టు గుంజుడు, తెల్లపొగ, ఎయిర్ ఫిల్టర్ డబ్బ నిండ ఆయిల్.

ఎక్కువ ఆయిల్ ఎందుకు చెడుపంటే, లోపల క్రాంక్ గిర్రున తిరుగుతది. ఆయిల్ మట్టం పెరిగితే అది తాకి, కవ్వంతోని సల్ల చిలికినట్టు నురుగు లేస్తది. నురుగుల గాలి ఉంటది. గాలి పొరను నిలవెట్టలేదు. ఆయిల్ ఎక్కువుండి కూడా ఇనుముకు ఇనుము తాకే కాలం వస్తది. లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల నుంచి కారుతది, గాలి పైపుల నుంచి ఫిల్టర్లకు ఎక్కుతది.

ఎక్కువైతే తీసుడు అల్కనే. నిమ్స్ ఎదురుంగ మందుల దుకాణంల 50 మిల్లీలీటర్ల పెద్ద సిరంజి, సన్న గొట్టం కొన్న. ఇంజిన్ చల్లవడ్డంక గేజ్ బొక్కల నుంచి గొట్టం లోపలికి పంపి, 50 చొప్పున గుంజి సీసాల పోసిన. ప్రతిసారి పద్ధతి ప్రకారం చూసుకుంట. నాలుగు సిరంజిలకు మట్టం గీతల నడుమకు వచ్చింది. కింద డ్రెయిన్ బోల్ట్ జర వదులు చేసి తీసెటోళ్లు కూడా ఉన్నరు. గాని ఆ బోల్ట్ కూసుండేది అల్యూమినియంల. బలం పెట్టి బిగిస్తే మర పోతది, అప్పుడు అసలు ఖర్చు మొదలైతది. పానా మీద మీకు అలవాటు లేకపోతే సిరంజే నయం.

ఇంకో మాట. సర్వీసుల కొన్ని చోట్ల డబ్బా మొత్తం పోసి పంపుతరు. బండి పుస్తకంల రెండు లెక్కలుంటయి. ఇంజిన్ మొత్తం ఇప్పి బిగిస్తే ఎంత పట్టాలె, ఊకె ఆయిల్ మారిస్తే ఎంత పట్టాలె అని. రెండోది తక్కువ, ఎందుకంటే పాత ఆయిల్ కొంత మూలలల్ల మిగిలే ఉంటది. పోసేటప్పుడు పక్కన నిలవడుండ్రి. ఇంటికి పోయే ముందే గేజ్ చూపిమ్మనుండ్రి. ఇది అనుమానం కాదు, మన బండి మనం చూసుకునుడు.

డబ్బా మీద ఏం రాసి ఉంటది

10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40 అని అంకెలుంటయి. ముందటి అంకె సలికాలం పొద్దుగాల ఆయిల్ ఎంత చిక్కగ ఉంటదో చెప్తది, వెనుక అంకె ఇంజిన్ ఏడెక్కినంక ఎంత చిక్కగ నిలుస్తదో చెప్తది. చిక్కటిదైతే గట్టిదని అనుకోవద్దు. మీ బండి పుస్తకం ఏది చెప్తే అదే.

ఇంకోటి, జాసో ఎంఏ లేకపోతే ఎంఏ2 అని ఉండాలె. ఆయిల్ల మునిగే క్లచ్ ఉన్న బండ్లకు జపానోళ్లు పెట్టిన గుర్తు అది. కార్ల కోసం చేసిన కొన్ని ఆయిల్లల్ల జారుడు పెంచే మందులుంటయి. అవి పోస్తే మన క్లచ్ ప్లేట్లు జారి, ఇంజిన్ మొత్తుకుంటది గాని బండి ముందుకు పోదు. యాక్టివా లాంటి గేర్లు లేని స్కూటర్ల క్లచ్ ఆయిల్ల మునగదు, వాటికి ఎంబీ అని వేరే రకం ఉన్నది. స్కూటర్ ఆయిల్ మిగిలిందని బైక్‌ల పొయ్యొద్దు.

సీల్ ఉన్న డబ్బానే కొనుండ్రి. ఖాళీ డబ్బాకు బొక్క కొట్టి పారెయ్యుండ్రి, మళ్ల దాంట్ల నకిలీది నింపి అమ్మకుంట.

పుల్ల చెప్పే ముచ్చట్లు

ఆయిల్ నల్లగైతే వెంటనే భయపడొద్దు. మసిని పట్టుకునుడు దాని పనే. గాని పాలు కలిపిన చాయ రంగుకు వస్తే నీళ్లు పోయినట్టు. వానకాలం మైత్రీవనం కాడ రోడ్డు మీద నీళ్లు ఎట్ల నిలుస్తయో తెలుసు కదా. ఆ నీళ్లల్ల బండి మునిగి ఆగిపోతే మళ్లమళ్ల సెల్ఫ్ కొట్టొద్దు. నూక్కుంట పోయి ముందు ఆయిల్ చూపియ్యాలె. పెట్రోల్ వాసన వచ్చినా, తళతళ మెరిసే పొడి కనవడ్డా మెకానిక్‌కు చూపియ్యాల్సిందే.

వారం వారం ఆయిల్ తగ్గుతుంటే పోసుకుంట పోవుడు ఒక్కటే సరిపోదు. అది ఎటు పోతున్నదో చూడాలె. రాత్రి బండి కింద అట్ట ముక్క పెట్టుండ్రి, పొద్దుగాల మరక ఉంటే కారుతున్నట్టు. మరక లేకుంట సైలెన్సర్ల నుంచి నీలిపొగ వస్తే లోపల కాలుతున్నట్టు. రింగులో, వాల్వ్ సీళ్లో అరిగినయి అన్నట్టు.

తీసిన పాత ఆయిల్ మోరిల పొయ్యొద్దు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలల్ల వాడిన ఆయిల్ కూడా ఉన్నది. షెడ్డుల పాత ఆయిల్ డ్రమ్ము ఉంటది, అందుల పోసి రావాలె. ఊర్లల్ల చెదలకని, చెయిన్లకని కాలిన ఆయిల్ వట్టి చేతులతోని పూస్తరు. రోజూ తోలుకు అంటితే క్యాన్సర్ తెచ్చే గుణం దానికున్నది. చేతులకు కవరన్న తొడుక్కోండ్రి, అయినంక సబ్బుతోని కడుక్కోండ్రి.

బండి మనది, ఖర్చూ మనదే

ఇది ఒక్క బండి ముచ్చట కాదు. మన పొట్ట నింపుతున్న పనులల్ల శానా వాటికి బండి మనదే తేవాలె. ఆర్డర్ ఇచ్చే యాప్‌కు కిలోమీటరుకు ఎంత ఇయ్యాలెనో తెలుసు, సిగ్నల్ కాడ తిరిగిన ఇంజిన్ సంగతి తెల్వదు. బండి ఆగిన రోజు మన కమాయి ఆగుతది, యాప్ మాత్రం ఇంకొకలికి ఆర్డర్ పంపుతది. ఆ లెక్క మారాలని అడుగుడు మన హక్కు, అడుగుదాం. అది మారేదాక మాత్రం మన ఇంజిన్‌ను మనమే కాపాడుకోవాలె.

అమీర్‌పేటల ఏ కోర్సన్నా దొరుకుతది. ఎన్నో బోర్డులు చదువుకుంట తిరిగిన, గాని బండి పుస్తకం నాలుగు పేజీలు చదవలే. అది సీటు కింద సంచిల, ప్లాస్టిక్ కవర్ కూడా ఇప్పకుండ ఉండె. మొన్న దసరకు ఊరికి పోయినప్పుడు మా వాడకట్టుల ఆరు బండ్ల గేజులు చూసిన. రెండింటికి కింది గీతకు సుత ఆయిల్ లేదు. ఒకటి మా చిన్నాయినది, రోజూ పిల్లలను బడికి దింపేది.

రేపు పొద్దుగాల పాత బనీన్ గుడ్డ ఒకటి పట్టుకొని మీ బండి కాడికి పోండ్రి. మీది చూసినంక పక్కోనిది సుత చూడుండ్రి.